విరుగుడు నీళ్లతో కొత్త పానీయం: సాయం ఎవరిని అడగాలి?

ప్రశ్న: మాది సూర్యాపేట జిల్లాలో ఒక పల్లెటూరు. మాకు పన్నెండు ముర్రా గేదెలున్నాయి. మా పాలూ, చుట్టుపక్కల వాళ్ల దగ్గర పోయించుకునే పాలూ కలిపి రోజుకు 150 లీటర్ల దాకా పనీర్ చేసి హైవే మీది హోటళ్లకు వేస్తున్నాం. పనీర్ తీశాక మిగిలే విరుగుడు నీళ్లు రోజూ వంద లీటర్లకు పైనే పారబోయాల్సి వస్తోంది. కాలవ వాసనొస్తోందని పక్కవాళ్లు గొడవ పెట్టుకుంటున్నారు. పోయిన ఎండాకాలం ఆ నీళ్లలో అల్లం, నిమ్మరసం, పుదీనా, సైంధవ లవణం కలిపి చల్లబెట్టి, వాడేసిన నీళ్ల సీసాలు శుభ్రంగా కడిగి వాటిలో పోసి అమ్మాను. బాగానే పోయాయి. కానీ నాలుగో రోజుకల్లా సీసా ఉబ్బుతోంది. దీన్ని పెద్దగా చేయాలని నా కోరిక. ఒకాయన కోటి రూపాయల ప్రాజెక్టు వేద్దాం, సగం సబ్సిడీ వస్తుంది, రిపోర్టుకూ ఫైలుకూ అరవై వేలివ్వండి అంటున్నాడు. ఇంకొకరు నాబార్డు డెయిరీ స్కీము ఉందిగా అంటున్నారు. ఎవరికైనా చెబితే ఐడియా కాపీ కొడతారేమోనని టెన్షన్. పనీర్‌కు ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (కేంద్ర ఆహార భద్రత సంస్థ) రిజిస్ట్రేషన్ మా ఆయన పేరు మీద ఉంది. మాలాంటి వాళ్లకు సాయం ఎక్కడ దొరుకుతుంది?

సమాధానం:

ముందు ఆ అరవై వేలు ఇవ్వకండి. మిగతాది నిదానంగా మాట్లాడుకుందాం.

ఆయన చెప్పే సగం సబ్సిడీ పూర్తిగా అబద్ధం కాదు, అందుకే జనం నమ్ముతారు. నేషనల్ లైవ్‌స్టాక్ మిషన్‌లో 50 శాతం సబ్సిడీ నిజంగానే ఉంది. కాకపోతే అది గొర్రెలు, మేకలు, నాటుకోళ్లు, పందుల లాంటి వాటి పెంపకానికీ, సైలేజీ (పాతర గడ్డి) లాంటి పశుగ్రాసం యూనిట్లకూ. పనీర్‌కు గానీ పాల పానీయానికి గానీ అందులో చోటు లేదు. రెండో ఆయన చెప్పింది డీఈడీఎస్ అనే డెయిరీ పథకం అయివుంటుంది. మామూలు వాళ్లకు 25 శాతం, ఎస్సీ ఎస్టీలకు 33.33 శాతం సబ్సిడీ నాబార్డు ద్వారా వచ్చేది. అది 2020-21లోనే ఆగిపోయింది. యూట్యూబ్‌లో మాత్రం ఆ వీడియోలు ఇంకా బతికే ఉన్నాయి, వాటి కింద ‘నంబరు పెట్టండి సార్’ అనే కామెంట్లు కూడా.

మీ ఉత్తరం చదువుతుంటే నాకు ఒక్క ఇంట్లో రెండు వేరువేరు పనులు కనిపించాయి. ఒకటి పనీర్. అది పాత పనే, గిరాకీ ఉంది, రోజూ డబ్బు వస్తోంది, పెంచితే ఇంకా వస్తుంది. రెండోది విరుగుడు పానీయం. అది కొత్తది, ఇంకా నిలబడలేదు, నిలబడుతుందో లేదో ఎవరూ ఇప్పుడే చెప్పలేరు. ఈ రెండింటికీ సాయం చేసేవాళ్లు వేరు. బ్యాంకు మేనేజరు చూసేది కిస్తీ కట్టగలరా అని. ఇంక్యుబేటర్ అంటే కొత్త ఆలోచనలను వ్యాపారంగా నిలబెట్టడానికి సాయపడే సంస్థ, వాళ్లు చూసేది ఇందులో కొత్తదనం ఏముంది అని. రెండూ కలిపి ఒకే ఫైలు కడితే బ్యాంకుకు పానీయం చూసి భయం, ఇంక్యుబేటర్‌కు పనీర్ చూసి విసుగు. ఆ కోటి రూపాయల ప్రాజెక్టు సరిగ్గా అలాంటి ఫైలే. కాబట్టి రెండింటినీ విడదీయండి.

పనీర్ సంగతి తేలిక, ముందు అది చెప్పేస్తాను. నడుస్తున్న చిన్న ఆహార యూనిట్లకు సరిపోయే కేంద్ర పథకం పీఎంఎఫ్‌ఎంఈ. 2020లో మొదలైంది. ప్రాజెక్టు ఖర్చులో 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల వరకు సబ్సిడీ, మన వాటా కనీసం 10 శాతం, మిగతాది బ్యాంకు అప్పు. ఒక కుటుంబం నుంచి ఒక్కరికే ఇస్తారు. సబ్సిడీ సొమ్ము మన చేతికి రాదు. బ్యాంకులో విడిగా ఉంచి, మూడేళ్లు అప్పు సక్రమంగా కట్టాక జమ చేస్తారు. ‘సబ్సిడీ రాగానే అప్పు తీర్చేద్దాం’ అనుకుని దిగినవాళ్లు ఇక్కడే బోర్లా పడతారు. ఈ పథకంలో ఫైలు తయారు చేసిపెట్టడానికి ప్రతి జిల్లాలో డీఆర్‌పీ అని ఒకరుంటారు. వాళ్ల ఫీజు ప్రభుత్వమే ఇస్తుంది, మీరు పైసా ఇవ్వనక్కర్లేదు. జిల్లా పరిశ్రమల కేంద్రానికి వెళ్లి మీ జిల్లా డీఆర్‌పీ ఎవరో అడగండి. మహిళా సంఘంలో సభ్యురాలైతే ఇదే పథకంలో చిన్న పనిముట్లకూ పెట్టుబడికీ సభ్యురాలికి 40 వేల వరకు సీడ్ క్యాపిటల్ కూడా ఉంది, దాన్ని సంఘం ద్వారానే అడగాలి.

పీఎంఈజీపీ అనే ఇంకో పథకం పేరు కూడా మీ చెవిన పడుతుంది. పల్లెల్లో మహిళలకు అందులో 35 శాతం సబ్సిడీ, తయారీ యూనిట్‌కు 50 లక్షల వరకు ప్రాజెక్టు. కానీ అది కొత్త యూనిట్‌కే. నడుస్తున్న పనీర్ షెడ్డును కొత్తదని చూపించమని ఎవరైనా సలహా ఇస్తే చెవిన పెట్టకండి. ఇక ఏహెచ్ఐడీఎఫ్ అనే పశుసంవర్ధక మౌలిక వసతుల నిధి ఉంది. అందులో సబ్సిడీ ఉండదు, అప్పు మీద వడ్డీలో 3 శాతం ఎనిమిదేళ్ల దాకా కేంద్రం భరిస్తుంది. బాయిలర్, కోల్డ్ రూము, ప్యాకింగ్ లైను పెట్టే స్థాయికి చేరాక దాని గురించి ఆలోచించండి. ఇప్పుడు మీకది పెద్ద చొక్కా. ఈ మూడింటికీ ఇచ్చిన గడువు 2025-26 వరకు కాబట్టి, ఇంకా దరఖాస్తులు తీసుకుంటున్నారా అన్నదే మీ మొదటి ప్రశ్న కావాలి.

బ్యాంకుకు వెళ్లేముందు ఒక పని చేయండి. ఏ రోజు ఎన్ని లీటర్లు వచ్చాయి, వెన్న శాతం ఎంత, ఎంత పనీర్ అయింది, ఏ హోటలుకు ఎంత వేశారు, ఎంత బాకీ ఉంది, ఇవన్నీ ఆరు నెలలు పుస్తకంలో రాయండి. హోటళ్ల డబ్బు చేతికి కాకుండా ఖాతాలోకి వచ్చేలా చూసుకోండి. గేదె పాలతో కిలో పనీర్‌కు దాదాపు ఐదు లీటర్లు పడతాయి. మీకు ఆరు పడుతున్నాయంటే మిషన్లకు అప్పు తేవడం కన్నా ఆ లోపం సరిదిద్దుకోవడం వల్లే ఎక్కువ మిగులుతుంది. చిన్న పరిశ్రమగా నమోదు చేసుకునే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉచితం, దానికి కూడా డబ్బులడిగే వాళ్లున్నారు.

ఇప్పుడు అసలు విషయం, పానీయం.

సీసా ఎందుకు ఉబ్బుతోంది? పాలలో ఉండే చక్కెర, అంటే లాక్టోజ్, చాలావరకు పనీర్‌లోకి పోదు, విరుగుడు నీళ్లలోనే ఉండిపోతుంది. నూటికి నాలుగున్నర, ఐదు వంతులు అదే. సూక్ష్మజీవులకు అంతకన్నా విందేముంది? మీరు పాలు కాచి విరిచినప్పుడు ఆ నీళ్లు దాదాపు శుభ్రంగానే ఉంటాయి. తర్వాత పచ్చి అల్లం, పుదీనా, నిమ్మకాయ కలుపుతారు. వాటితో పాటు మట్టిలోని క్రిములూ, ఈస్టూ లోపలికి వెళ్తాయి. ఆ పైన కడిగిన పాత సీసా. అవి చక్కెర తిని గ్యాసు వదులుతాయి, సీసా ఉబ్బుతుంది. మీ చేతివంటలో దోషం లేదు, వరసలోనే ఉంది. కలపాల్సినవన్నీ కలిపి, వడగట్టి, ఆ తర్వాత వేడి చేసి, వేడిగా ఉండగానే శుభ్రమైన గాజు సీసాలో నింపి మూత బిగించాలి. మామూలు ప్లాస్టిక్ సీసా ఆ వేడికి ముడుచుకుపోతుంది. నిమ్మ వాసన వేడికి కొంత పోతుంది, ఆ మేరకు పాళ్లు మార్చుకోవాలి.

ఇంకోటి, పీహెచ్. పులుపు ఎంతుందో చెప్పే అంకె. అది 4.6 కన్నా తక్కువ ఉంటే చాలా ప్రమాదకరమైన బొటులినం లాంటి క్రిములు పెరగలేవు, మామూలు పాశ్చరైజేషన్‌తో పని అవుతుంది. 4.6 పైన ఉంటే గది వేడిలో నిలవ ఉంచడానికి ఖరీదైన యంత్రాలు కావాలి. నిమ్మరసం ఉంది కాబట్టి మీది కిందికి తేవడం కష్టం కాదు. చిన్న పీహెచ్ మీటరు కొనండి. ఈ మొత్తం వ్యవహారంలో మీరు పెట్టాల్సిన మొదటి ఖర్చు అది, ప్రాజెక్టు రిపోర్టు కాదు.

వాడేసిన ప్లాస్టిక్ నీళ్ల సీసాల్లో నింపడం మాత్రం ఈ రోజే ఆపేయండి. ఎవరికైనా వాంతులు, విరేచనాలు పట్టుకుంటే పానీయంతో పాటు పనీర్ వ్యాపారం కూడా పోతుంది. పరీక్షలు అయ్యేదాకా అమ్మాలనుకుంటే ఆ పానీయాన్ని కూడా రిజిస్ట్రేషన్‌లో చేర్పించి, ఏ రోజు చేసింది ఆ రోజు లేదా మర్నాడు, ఫ్రిజ్‌లోంచి తీసి గ్లాసుల్లో పోసి అమ్మండి.

ఇప్పుడు మీకు కావలసింది డబ్బు కన్నా ముందు, మీ పానీయంలో తప్పు పట్టగలిగిన మనిషి. అలాంటి మనుషులు మన దగ్గరే ఉన్నారు. కామారెడ్డిలో డెయిరీ టెక్నాలజీ కళాశాల ఉంది, పి.వి. నరసింహారావు తెలంగాణ పశువైద్య విశ్వవిద్యాలయం కింద. ఆంధ్రలోని పాఠకులకైతే తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం డెయిరీ కళాశాల. బీటెక్, ఎంటెక్ పిల్లలకు ప్రతి ఏడూ ప్రాజెక్టు అంశం కావాలి. పల్లెలో నిజంగా జరుగుతున్న సమస్య, రోజుకు 120 లీటర్ల ముడిసరుకు, అమ్మి చూసిన అనుభవం ఉన్న అంశం ప్రొఫెసర్లకు ఊరికే దొరకదు. ప్రిన్సిపాల్ పేరిట ఒక పేజీ ఉత్తరం రాయండి. తెలుగులోనే రాయండి, ఏమీ ఫర్వాలేదు. ‘సాయం చేయండి’ అని రాస్తే జవాబు రాదు. ‘నాలుగో రోజుకు సీసా ఉబ్బుతోంది, పదిహేను రోజులు నిలవ ఉండేలా చేయాలి, మీ విద్యార్థి ప్రాజెక్టుగా తీసుకుంటారా’ అని రాయండి. అడిగే ముక్క ఎంత చిన్నదైతే అంత తొందరగా పని అవుతుంది.

అంతకన్నా దగ్గర మీ జిల్లాలోనే గరిడేపల్లి మండలం గడ్డిపల్లిలో కృషి విజ్ఞాన కేంద్రం ఉంది. అక్కడ మీకు డెయిరీ ప్లాంటు దొరకకపోవచ్చు గానీ, యూనివర్సిటీకి పరిచయం చేస్తూ ఒక ఫోనో ఉత్తరమో దొరకవచ్చు. మన దేశంలో అది సగం దారి.

కర్నాల్‌లోని జాతీయ పాడి పరిశోధన సంస్థ, అదే ఎన్‌డీఆర్‌ఐ, విరుగుడు నీళ్ల పానీయాల మీద చాలా ఏళ్లుగా పని చేసింది. వాళ్ల పద్ధతులను లైసెన్సు ఫీజుకు ఇస్తారు. అక్కడే సైనెడ్ అనే డెయిరీ ఇంక్యుబేటర్ కూడా ఉంది. దక్షిణాది వాళ్లకు బెంగళూరు ఆడుగోడిలో ఆ సంస్థ ప్రాంతీయ కేంద్రం దగ్గర. ఇది ఎందుకు చెబుతున్నానంటే, విరుగుడు పానీయం ప్రపంచానికి కొత్త కాదు. ఇంక్యుబేటర్‌లో మొదటి ప్రశ్న ఇదే వస్తుంది: ‘ఇది ఉన్నదే కదా, మీరేం కొత్తగా చేశారు?’ ఆ మాటకు చిన్నబుచ్చుకోకండి. పెద్ద ప్లాంట్లలో కోట్ల యంత్రాలతో చేసేదాన్ని, వంద లీటర్ల స్థాయిలో, గ్యాసు పొయ్యి మీద, తిరిగి తీసుకునే గాజు సీసాల్లో, సురక్షితంగా చేయగలిగితే అదే కొత్తదనం. చిన్న చిన్న పనీర్ యూనిట్లు ఇదే నీళ్లను కాలవల్లో కలుపుతున్నాయి. విరుగుడు నీళ్ల కాలుష్యం ఇంటి మురుగునీటికి వంద రెట్ల పైనే ఉంటుంది, మీ పక్కవాళ్ల గొడవలో న్యాయం ఉంది. ఆ గొడవను కూడా దరఖాస్తులో రాయండి. రుచి గురించి చెప్పే పేజీకన్నా ఆ పేజీయే ఎక్కువ పనిచేస్తుంది.

ఇంక్యుబేటర్ల కోసం హైదరాబాద్ రాజేంద్రనగర్ వెళ్లండి. అక్కడి వ్యవసాయ పరిశోధన యాజమాన్య సంస్థ నార్మ్‌లో ఏ-ఐడియా అనే ఇంక్యుబేటర్, పక్కనే వ్యవసాయ విస్తరణ శిక్షణ సంస్థ మేనేజ్. రెండింటికీ వ్యవసాయ స్టార్టప్‌లకు శిక్షణ ఇచ్చి, ఆర్కేవీవై అనే కేంద్ర వ్యవసాయ పథకం కింద గ్రాంటు సిఫారసు చేసిన అనుభవం ఉంది. ఆలోచన దశలో 5 లక్షల వరకు, ఉత్పత్తి చేతిలోకి వచ్చాక సీడ్ దశలో 25 లక్షల వరకు. అప్పు కాదు, గ్రాంటు. విడతలుగా ఇస్తారు, లెక్కలు అడుగుతారు. దరఖాస్తులు ఏడాదిలో ఎప్పుడో ఒకసారి పిలుస్తారు కాబట్టి వాళ్ల ప్రకటనల మీద కన్నేసి ఉంచండి. తెలంగాణ ప్రభుత్వం 2018లో మహిళల కోసం పెట్టిన వీ హబ్ కూడా హైదరాబాద్‌లోనే ఉంది. ల్యాబు పనికి కాదు గానీ, ధర, లేబుల్, అమ్మకం లాంటి వాటికి అక్కడ మనుషులు దొరుకుతారు.

ఇక్కడొక జాగ్రత్త. స్టార్టప్ అంటే ముందు కంపెనీ పెట్టాలని ఎవరో ఒక ఆడిటర్ చెబుతారు. తొందరపడకండి. కొత్త కంపెనీల కోసం కేంద్రం 2021లో తెచ్చిన స్టార్టప్ ఇండియా సీడ్ ఫండ్ నిబంధనల్లో, దరఖాస్తు నాటికి కంపెనీ పెట్టి రెండేళ్లు దాటకూడదని పెట్టారు. సీసా ఉబ్బుడు ఆగకముందే కంపెనీ పెట్టేస్తే ఆ గడియారం ఊరికే తిరుగుతుంది. ఏటా ఆడిటు ఖర్చు అదనం. ఆలోచన దశ గ్రాంటుకు మనిషిగానే దరఖాస్తు చేసుకోవచ్చేమో ముందే అడగండి.

కాపీ భయం గురించి. వంటకం లాంటి మిశ్రమానికి పేటెంటు రావడం కష్టం. మన పేటెంటు చట్టంలో ఊరికే కలిపిన మిశ్రమాన్ని ఆవిష్కరణగా ఒప్పుకోరు. పద్ధతిలో నిజంగా కొత్తది పుడితే, పేటెంటుకు వేయకముందు దాన్ని వీడియోగా పెట్టకండి, బయటపెట్టిన దానికి తర్వాత పేటెంటు చిక్కదు. యూనివర్సిటీతో పని మొదలుపెట్టేముందు, ఫలితం మీద హక్కు ఎవరిదో ఒక కాగితం మీద రాయించుకోండి. అంతకుమించి దాచుకోకండి. నోరు విప్పకపోతే సాయం చేసేవాడికి కూడా మీరెవరో తెలియదు. నిజంగా కాపాడుకోవాల్సింది పేరు. ట్రేడ్‌మార్కుకు వ్యక్తులు ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేస్తే ఒక తరగతికి ఫీజు 4,500 రూపాయలు. పేరులో ‘మజ్జిగ’ అని పెట్టకండి, అది మజ్జిగ కాదు. లేబుల్ మీద ‘పాల పదార్థం ఉంది’ అని తప్పనిసరిగా ఉండాలి. షుగరు తగ్గుతుంది, రోగనిరోధక శక్తి పెరుగుతుంది లాంటివి రాయనే కూడదు, ఫుడ్ సేఫ్టీ వాళ్లు మొదట పట్టుకునేది అదే. మీ పానీయం ఏ కేటగిరీలోకి వస్తుందో, నిర్ణీత ప్రమాణం లేని ఉత్పత్తి కింద ప్రొప్రైటరీ ఫుడ్‌గా పెట్టాలో జిల్లా ఆహార భద్రత అధికారిని అడిగి తెలుసుకోండి. పరీక్షలు ఎన్‌ఏబీఎల్ (ల్యాబుల నాణ్యతను చూసే జాతీయ సంస్థ) గుర్తింపూ, ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ గుర్తింపూ రెండూ ఉన్న ల్యాబులో చేయించండి. చేయించాల్సినవి: కోలిఫాం (శుభ్రత లోపాన్ని చూపే క్రిములు), ఈస్టు, బూజు, మొత్తం సూక్ష్మజీవుల లెక్క, పీహెచ్. తయారైన రోజు, మూడో రోజు, ఏడో రోజు, పదిహేనో రోజు. ముందే ధర అడగండి, ల్యాబుకూ ల్యాబుకూ చాలా తేడా ఉంటుంది.

ఒక లెక్క కూడా వేసుకోండి. 120 లీటర్లు మొత్తం సీసాల్లో పోస్తే 200 మిల్లీలీటర్లవి రోజుకు ఆరు వందలు. మే నెలలో హైవే మీద పోతాయేమో. జులై వానలో ఎవరు తాగుతారు? పక్కనే చవగ్గా మజ్జిగ ప్యాకెట్టు ఉంటుంది కూడా. అందుకని మొత్తం నీళ్లకు పానీయమే దారి అనుకోవద్దు. కొంత దాణాలో కలపొచ్చు, పశువైద్యుణ్ని అడిగి కొద్దికొద్దిగా. గోబర్ గ్యాసు ప్లాంటు ఉంటే కొంత పేడతో పాటు అందులోకి వెళ్తుంది, పులుపు ఎక్కువైతే గ్యాసు తగ్గుతుంది కాబట్టి అదీ మితంగానే. పానీయం యాభై సీసాలతో మొదలుపెట్టండి. ఖాళీ సీసాలు తిరిగి వస్తున్నాయా, కొన్నవాళ్లు మళ్లీ అడుగుతున్నారా, అదే చూడండి.

కుదిరితే ముల్కనూరు మహిళా డెయిరీని ఒకసారి చూసి రండి. స్వకృషి పేరుతో పాలు అమ్మేది వాళ్లే. పల్లెటూరి మహిళలు సభ్యులుగా ఉండి నడిపించే సహకార సంస్థ అది. ప్లాంటులో శుభ్రత ఎలా ఉంచుతారో, నమూనాలు ఎక్కడ తీస్తారో చూస్తే నేను రాసిన పది పేజీలకన్నా ఎక్కువ తెలుస్తుంది. ముందు ఫోన్ చేసి వెళ్లండి.

చివరిగా పేర్ల సంగతి. రిజిస్ట్రేషన్ మీ ఆయన పేరు మీద ఉంది, పీఎంఎఫ్‌ఎంఈ ఇంటికి ఒక్కరికే. కాబట్టి పనీర్ ఫైలు ఆయన పేరు మీదే వెళ్లనివ్వండి. పానీయం మాత్రం మీది. ఉత్తరాలు, ల్యాబు రిపోర్టులు, ట్రేడ్‌మార్కు, ఇంక్యుబేటర్ దరఖాస్తు మొదటి రోజు నుంచీ మీ పేరు మీదే ఉండాలి. ఒకే షెడ్డులో ఇద్దరి పేర్లతో రెండు రిజిస్ట్రేషన్లు కుదరకపోతే సీసాలు నింపే గది వేరే కట్టాల్సి వస్తుంది. ఆ మాట ఆహార భద్రత అధికారిని గోడ లేపకముందే అడగండి.